వంటింటి బల్ల మీద పుట్టిన కంపెనీ

మా అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చున్నాడంటే ఇక ఎవరి పిలుపూ వినబడదు. 2023 అక్టోబరులో ఓ ఆదివారం, అన్నం చల్లారిపోతోందని నాలుగోసారి పిలవడానికి వెళ్తే, తెరమీంచి కళ్ళు తిప్పకుండానే, "ఈ ఆట చేసిన ఆక్టివిజన్ బ్లిజార్డ్ వాళ్ళని మైక్రోసాఫ్ట్ కొనేసిందమ్మా, తెలుసా?" అన్నాడు.

"ఎంతకిరా?" అన్నాను, వంకాయలు ఎంతకి తెచ్చావని అడిగినట్టు.

"సుమారు 6,900 కోట్ల డాలర్లు."

దాన్ని రూపాయల్లోకి మార్చబోయి మానుకున్నాను. అంత డబ్బున్నవాళ్ళు తామే ఆటలు తయారుచేసుకోవచ్చు కదా, ఇంకొకళ్ళవి కొనడం దేనికి? ఈ అనుమానం పట్టుకుని నాలుగు పుస్తకాలు తిరగేస్తే, కథ తీసికెళ్ళి తీసికెళ్ళి కాలిఫోర్నియాలో ఓ ఇల్లాలి వంటింట్లో నిలబెట్టింది నన్ను.

ఆవిడ పేరు రాబర్టా విలియమ్స్. 1979 నాటికి ఇద్దరు మగపిల్లల తల్లి. భర్త కెన్ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగి. ఆయన ఇంటికి తెచ్చిన ఓ యంత్రంలో గుహల్లో తిరిగే ఆట ఒకటి ఈవిడ కంటపడింది. బొమ్మలు లేవు, ఉత్త అక్షరాలే. 'ఉత్తరానికి వెళ్ళు', 'దీపం తీసుకో' అని మనం టైపు చెయ్యాలి, అది జవాబు చెప్పాలి. అంతే, ఆవిడకి పిచ్చి పట్టుకుంది. గుహ అయిపోయాక అలాంటివి ఇంకేం ఉన్నాయని వెతికితే, చెప్పుకోదగ్గవి దొరకలేదు. సరే, నేనే అల్లుతానంటూ కాగితాలు, పెన్సిలూ తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఓ పాత బంగళా, అందులో వరుసగా హత్యలు. మన డిటెక్టివ్ సీరియల్ లాంటిదే అనుకోండి. మాటలతో ఆగకుండా బొమ్మలు కూడా గీసింది. అవి పసిపిల్లలు గీసినట్టుంటాయి గానీ, కథకి బొమ్మలు జోడించిన ఆటల్లో మొదటిదని దానికి చరిత్రలో చోటుంది. 1980లో 'మిస్టరీ హౌస్' అని పేరు పెట్టి, డిస్కుని ప్లాస్టిక్ సంచిలో వేసి అమ్మారు. ఆటలో దారి తప్పినవాళ్ళు ఫోన్ చేస్తే, మోగేది వాళ్ళింట్లోనే!

అది వేలల్లో అమ్ముడుపోయింది. సియెర్రా కొండల దగ్గరికి మకాం మార్చారు. కంపెనీకి కూడా ఆ కొండల పేరే పెట్టుకున్నారు. 1984లో రాబర్టా 'కింగ్స్ క్వెస్ట్' రాసింది. రాజులు, మంత్రగత్తెలు, మాయలు అన్నీ ఉన్న కాశీమజిలీ వ్యవహారం. 1988లో వచ్చిన నాలుగో భాగంలో తండ్రి ప్రాణం కాపాడ్డానికి బయల్దేరేది కొడుకు కాదు, కూతురు. రొసెల్లా అని. మగపిల్లలే ఆడతారనుకునే ఆటలో ఆడపిల్లని నాయికగా నిలబెట్టినందుకు, ఆవిడ మీద నాకు కాస్త అభిమానం ఎక్కువే.

అయితే ఇంత బాగా నడుస్తున్న సొమ్ముని ఎందుకు అమ్ముకున్నట్టు?

ఖర్చు. 1980లో ఒక ఆటకి కావలసింది ఓ బల్ల, ఓ కంప్యూటరు, ఇద్దరు మనుషులు. 1995లో ఆవిడ తీసిన 'ఫాంటస్మగోరియా' కి నటీనటులు కావలసివచ్చారు. ఏడు సీడీలైంది. నలభై లక్షల డాలర్లు పైన పట్టింది. అది అదృష్టవశాత్తూ ఆడింది. అలాంటివి వరసగా రెండు పోతే? జీతాలెక్కణ్ణుంచి తేవాలి? చిన్న కంపెనీలకి అమ్మకం తప్పనిసరయ్యేది ఇక్కడే.

కొనేవాడి లెక్క వేరు. ఏ ఆట జనానికి నచ్చుతుందో దేవుడికి కూడా తెలీదు. విత్తు నాటి పదేళ్ళు కనిపెట్టుకుని ఉండేకంటే, కాపుకొచ్చిన చెట్టుని తోటతో సహా కొనుక్కోవడం నయం కదా. తెలిసిన పేరుంటే దుకాణంవాడు అరలో ముందువరసలో చోటిస్తాడు. మనం కొనకపోతే పక్కవాడు కొంటాడనే దుగ్ధ కూడా ఉంటుంది. సియెర్రా కూడా ఈ పని చెయ్యకపోలేదు. 1990లో డైనమిక్స్ అనే చిన్న కంపెనీని కొంది. అత్తా ఒకింటి కోడలే అంటారు గదా!

1996లో సి.యు.సి. ఇంటర్నేషనల్ అనే సంస్థ సియెర్రాని సుమారు నూరు కోట్ల డాలర్లకి కొంది. ఇచ్చింది నోట్లు కాదు, షేర్లు. ఆ సంస్థకి ఆటలతో ఏం సంబంధమంటారా? ఏమీ లేదు. సభ్యత్వం కట్టినవాళ్ళకి సరుకుల మీద, ప్రయాణాల మీద తగ్గింపు ధరలిప్పించే వ్యాపారం వాళ్ళది. రాబర్టాకి మనసొప్పలేదనీ, తనే నచ్చజెప్పాననీ కెన్ తరవాత చెప్పుకున్నాడు. ఈ మాట చదివినప్పుడు నేను కొంచెంసేపు పుస్తకం మూసి పక్కన పెట్టాను.

అసలు గుట్టు 1998 ఏప్రిల్లో బయటపడింది. సి.యు.సి. వాళ్ళు ఏళ్ళ తరబడి లేని లాభాలు ఉన్నట్టు రాశారు. ఒక్కో కంపెనీని కొన్నప్పుడల్లా, ఆ విలీనం ఖర్చులంటూ పక్కన పెట్టిన సొమ్ముని తరవాత లాభాల్లో కలిపేసేవారు. పాత చీటీ బాకీ తీర్చడానికి కొత్త చీటీ వెయ్యడం చూశాం కదా, అదే పద్ధతి! ఒక్కరోజులో షేరు విలువ సగానికి దగ్గరగా పడిపోయింది. ఆ సంస్థ పెద్దకి తరవాత పన్నెండేళ్ళు దాటిన జైలుశిక్ష పడింది. ఆటల శాఖని ఫ్రాన్సు కంపెనీకి అమ్మేశారు. 1999 ఫిబ్రవరిలో కొండల దగ్గరి ఆ పాత ఆఫీసు మూతపడి, నూరుమందికి పైగా ఒక్కరోజే ఉద్యోగం పోగొట్టుకున్నారు. డైనమిక్స్ కూడా 2001లో మూతపడింది.

అన్ని అమ్మకాలూ ఇలాగే ఏడుపుల్లో ముగుస్తాయనడం అన్యాయం. పిల్లలకి లెక్కల ఆటలు చేసిన జాన్ డేవిడ్సన్ అని ఒకావిడ, వృత్తి టీచరు. ఆవిడా, భర్తా నడిపిన కంపెనీ 1994లో బ్లిజార్డ్ ని సుమారు డెబ్బై లక్షల డాలర్లకి కొంది. ఆ పిల్లలు అప్పటికింకా ఎవరికీ తెలీదు. నెత్తిన కూర్చోకుండా వాళ్ళ పని వాళ్ళని చేసుకోనిచ్చారు. వాళ్ళే నేటి బ్లిజార్డ్.

నా మొదటి నవల హక్కులు నేనూ ఒక ప్రచురణకర్తకి మొత్తంగా రాసిచ్చేశాను. పిల్లవాడి స్కూలు ఫీజు కట్టాలప్పుడు. రెండో ముద్రణలో పేరు మార్చి వేశారు. దుకాణంలో చూసేదాకా నాకు తెలీదు. కొన్నవాళ్ళ తప్పని ఎలా అనను? రాసిచ్చిన కాగితంలో అంతా ఉంది. కానీ నా మనుషులు వేరే ఇంటిపేరుతో తిరుగుతున్నట్టు అనిపించింది. అందుకే కాబోలు, 1998లో వచ్చిన ఎనిమిదో 'కింగ్స్ క్వెస్ట్' మీద తన మాట సాగలేదని రాబర్టా బాధపడిందంటే నాకు వేరే వివరణ అక్కర్లేకపోయింది.

ఆ తరవాత భార్యాభర్తలు ఓ పడవ కొనుక్కుని సముద్రాల మీద తిరిగారు. రొసెల్లా మాత్రం చేతులు మారుతూ పోయింది. 2008లో ఫ్రాన్సు వాళ్ళ ఆటల శాఖ ఆక్టివిజన్ తో కలిసింది. మా అబ్బాయి చెప్పిన ఆ 6,900 కోట్ల మూటలో ఎక్కడో అడుగున ఆ పిల్ల కూడా ఉంది.

అదే 2023 జనవరిలో, డెబ్బై ఏళ్ళకి నెలరోజుల ముందు, రాబర్టా భర్తతో కలిసి కొత్తగా ఒక ఆట విడుదల చేసింది. వేరే ఏదో కాదు, 1979లో తనకి పిచ్చెక్కించిన ఆ గుహల ఆటే, ఈసారి నిండా బొమ్మలతో.

ఈ సంగతి మావాడికి చెప్తే, "ఆ గుహ మన కంప్యూటర్లో ఆడొచ్చేమో చూడనా అమ్మా?" అన్నాడు.

ముందు అన్నానికి లెమ్మన్నాను.