గోడ మీద ముప్పై రోజులు
(పెళ్లి కాగితాల చరిత్ర – మూడో భాగం)



స్పెషల్ మ్యారేజ్ యాక్టు, 1954 కింద పెళ్లి చేసుకోవాలంటే ముందుగా మ్యారేజ్ ఆఫీసరుకు, అంటే మన దగ్గర సబ్ రిజిస్ట్రారుకు, నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసులో ఏమేం ఉండాలో చట్టం చివర రెండో షెడ్యూల్లో అచ్చేసి ఉంది. పేరు, ఇదివరకు పెళ్లయిందా లేదా, వృత్తి, వయసు, ఉండే చోటు, శాశ్వత చిరునామా, ఎన్నాళ్లుగా ఉంటున్నారు. అంతే. కులం గడి లేదు, మతం గడి లేదు. బడిలో చేరినా, బర్రెల లోనుకు పోయినా కులం అడిగే దేశంలో పెళ్లికి కులం అడగని కాగితం ఒకటుంది.

ఇప్పుడు ఆ చిరునామా గడి దగ్గర ఆగండి. మా చిత్తూరు వైపు ఆధార్ కార్డులో ఊరి పేరు పక్కనే హరిజనవాడ అనో, అరుంధతివాడ అనో, ఎస్సీ కాలనీ అనో ఉంటుంది. ఊళ్లో పుట్టినోళ్ల కార్డు మీద వట్టి ఊరి పేరే ఉంటుంది. రెండు చిరునామాలు పక్కపక్కన రాసిన కాగితం ఒకటి గోడ మీద కనిపిస్తే చదివేవాడికి ఇంకేం చెప్పాలి? చట్టం అడగని కులాన్ని చిరునామా చెప్పేస్తుంది.

గోడ అని ఊరికే అనలేదు. సెక్షన్ 6 ప్రకారం నోటీసును ఒక పుస్తకంలో ఎక్కించాలి, ఎవరొచ్చి అడిగినా పైసా తీసుకోకుండా ఆ పుస్తకం చూపించాలి. నకలు ఒకటి ఆఫీసులో అందరికీ కనపడే చోట అంటించాలి. ఇద్దరిలో ఎవరిదైనా సొంతూరు వేరే జిల్లా అయితే ఇంకో నకలు ఆ జిల్లా ఆఫీసుకు పంపాలి, అక్కడా గోడకెక్కించాలి. పలమనేరు పిల్ల బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ అక్కడే నోటీసు ఇచ్చిందనుకోండి, ఆ పిల్ల కన్నా ముందు ఆ కాగితం ఇంటికొస్తుంది.

ముప్పై రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. కానీ దేని మీద? సెక్షన్ 4లో ఉన్న వాటి మీదే. మొదటి భార్యో భర్తో బతికి ఉండటం, మతి స్థిమితం లేకపోవడం, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండకపోవడం, నిషిద్ధ బంధుత్వం. కులం తక్కువ అనేది అందులో లేదు. నాయనకు ఇష్టం లేదు అనేదీ లేదు. సరైన కారణం లేకుండా అభ్యంతరం పెట్టినవాడికి మ్యారేజ్ ఆఫీసరు వెయ్యి రూపాయల దాకా ఖర్చులు కూడా వేయొచ్చు. చదవడానికి బాగుంది. కులం కోసం వచ్చేవాడు కాగితం పట్టుకుని ఆఫీసుకు రాడు గదా, కారేసుకుని నేరుగా పిల్లోడి ఇంటికి పోతాడు.

నా దగ్గర ఎం.ఏ. చదివిన ఇద్దరికి సాక్షి సంతకం పెట్టడానికి ఒకసారి ఇట్లాంటి ఆఫీసుకు పోయినాను. వాడిది అరుంధతివాడ, ఆ పిల్లది ఊరు. గుమాస్తా కాగితాలు తిరగేసి, గొంతు తగ్గించి, “నోటీసెందుకు సార్, రచ్చ. ఏదైనా గుళ్లో తాళి కట్టించి ఫొటో తీసుకురాండి, హిందూ మ్యారేజ్ యాక్టులో చేసేద్దాం” అన్నాడు. ఆయన మంచికే చెప్పినాడు. పిల్లోడు మాత్రం “గుడి మెట్టు మీద మా తాతను నిలబడనియ్యలేదు సార్, నేనక్కడ తాళి కట్టాల్నా?” అన్నాడు. తాళి అక్కర్లేదు అనుకునేవాళ్లకు, ఇద్దరి మతాలు వేరైనవాళ్లకు ఆ దారి దారే కాదు. తిరుమలలో దేవస్థానం వాళ్ల కళ్యాణ వేదికలో ఉచితంగా పెళ్లి చేస్తారు, అక్కడా తల్లిదండ్రులు రావాలనే షరతుంది. తల్లిదండ్రులు వచ్చే పెళ్లికి ఆఫీసులో ఇంత తంటా ఎందుకు!

ఇక చరిత్ర. సివిల్ పెళ్లి చట్టం మొదట వచ్చింది 1872లో. కేశవచంద్ర సేన్ అడిగితే 1868లో హెన్రీ మెయిన్ ఒక బిల్లు పెట్టినాడు. దాన్ని అందరికీ వర్తించేలా రాసినాడు. సంప్రదాయవాదులు గోల చేసినారు, పిల్లలు చెయ్యి దాటిపోతారన్నారు. చివరికి వచ్చిన చట్టం ఎట్లా ఉందంటే, హిందువును కాను, ముస్లింను కాను, క్రైస్తవుణ్ణి కాను అని వరసగా చెప్పుకుంటే తప్ప పెళ్లి లేదు. 1923లో హరిసింగ్ గౌర్ తెచ్చిన సవరణతో హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులు మతం వదలకుండానే తమలో తాము చేసుకోవచ్చన్నారు. దానికి బదులుగా ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టే లెక్క అన్నారు. 1976 సవరణ దాకా ఆ పోటు తగ్గలేదు.

మన పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. తెల్లోడి 1872 చట్టంలో నోటీసు గడువు 14 రోజులు. పుస్తకం ఉంది గానీ గోడకు అంటించమని లేదు. స్వతంత్ర భారత పార్లమెంటు 1954లో దాన్ని ముప్పై చేసి, గోడ కూడా చేర్చింది. పెళ్లిని మతం నుంచి విడిపించిన చట్టమే కులానికి ఇంకో పదహారు రోజులు ఇచ్చింది.

తెలుగు పాఠ్యపుస్తకాల్లో పెళ్లి సంస్కరణ అంటే 1881 డిసెంబరు 11, రాజమండ్రి, వీరేశలింగం. నేనూ ఏటా ఆ పాఠం చెప్తాను. అది కులం లోపలి సంస్కరణ అని కూడా చెప్తాను. కులం దాటిన పెళ్లిళ్లకు పాఠం లేదు. 1948లో గోరా కూతురు మనోరమ, దళితుడైన అర్జునరావు సేవాగ్రామ్‌లో పెళ్లి చేసుకున్నారు. గాంధీ దగ్గరుండి చేస్తానన్న పెళ్లి, ఆయన హత్య తర్వాత జరిగింది. జాషువా కూతురు హేమలత, గోరా కొడుకు లవణం 1960లో ఒక్కటైనారు. కులం పోవాలంటే కులాంతర వివాహమే మందు అని 1936లోనే రాసిన అంబేడ్కర్ 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలో తన ఇంట్లోనే సివిల్ పెళ్లి చేసుకున్నాడు. 2013లో ఆయన పేరు మీద కేంద్రం కులాంతర వివాహాలకు రెండున్నర లక్షల పథకం పెట్టింది. దాని షరతు హిందూ మ్యారేజ్ యాక్టు కింద రిజిస్టరు కావాలని! వేరే చట్టం కింద అయితే విడిగా సర్టిఫికెట్టు తేవాలన్నారు.

మన జిల్లాకే ప్రత్యేకమైన సంగతి సరిహద్దు. తిరుత్తణి 1960 మార్చి దాకా చిత్తూరు జిల్లాలోదే. ఆ ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి పోయింది, బదులుగా సత్యవేడు వైపు ఊళ్లు మనకొచ్చినాయి. ఏడేళ్లకు అన్నాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టంలో 7ఏ చేర్చి ఆత్మగౌరవ వివాహాలను చెల్లుబాటు చేసింది. అయ్యగారు వద్దు, హోమం వద్దు. తెలిసినవాళ్ల ముందు ఒకరినొకరు ఒప్పుకున్నామని చెప్పి దండ మార్చుకున్నా చాలు, ఉంగరం తొడిగినా చాలు. రిజిస్టరు చేయడానికి గోడకెక్కాల్సిన పని లేదు. ఇట్లాంటివి రహస్యంగా చేస్తే చెల్లవని 2014లో మద్రాసు హైకోర్టు అంటే, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ మాట కొట్టేసింది. ఇంటివాళ్ల బెదిరింపుల మధ్య ఉన్న జంట పదిమందిని పిలిచి ఎట్లా చేసుకుంటుందని దాని సారాంశం. నగరిలో బస్సెక్కితే తిరుత్తణి గంట దూరం. అక్కడి మాల పిల్లోడికి ఉన్న దారి సత్యవేడు మాదిగ పిల్లకు లేదు. ఆంధ్రలో ఆ సవరణ రాలేదు, ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ నేను చూడలేదు.

నోటీసు గోడకెక్కాలా వద్దా అన్నది జంట ఇష్టమని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. అది ఉత్తరప్రదేశ్ ఆఫీసులకు. మన ఆఫీసుల్లో చూపిస్తే “అది ఆ రాష్ట్రం సార్” అంటారు. 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ ఉండాలని, ప్రమాదంలో ఉన్న జంటలకు రక్షణ గృహాలు ఆలోచించాలని చెప్పింది. ఆరు నెలలు తిరక్కుండానే సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఆసుపత్రి ముందు ప్రణయ్‌ను నరికినారు. వాళ్లు పెళ్లి చేసుకుని నెలలు గడిచినాయి అప్పటికి.

నోటీసు ఇచ్చే ముందు రోజే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా రక్షణ అడగండి, శక్తివాహిని తీర్పు పేరు అందులో రాయండి, రసీదు తీసుకోండి. సాక్షులు ముగ్గురు కావాలి. ముగ్గురూ మన వాడవాళ్లే కాకుండా చూసుకోండి. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలలు దాటితే మళ్లీ కొత్తగా ఇవ్వాలి. నేను వెంట పోయిన ఆ ఇద్దరూ నోటీసే ఇచ్చినారు. ఆ ముప్పై రోజులు వేరే జిల్లాలో ఒక మిత్రుడి ఇంట్లో ఉన్నారు, ముప్పై ఒకటో రోజు పొద్దున్నే వచ్చి సంతకాలు పెట్టి పోయినారు.

వచ్చే భాగంలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, చర్చి పెళ్లి, ఎస్సీ సర్టిఫికెట్టు.