పాత కార్ల తలుపు పలకల పునరుద్ధరణ

కారు తలుపునకు లోపలి వైపున, ఇనుప రేకును కప్పుతూ అమర్చే అట్టను తలుపు పలక అంటారు. మెకానిక్కుల వాడుకలో దీనిని డోర్ ప్యాడ్ అని, డోర్ ట్రిమ్ అని పిలుస్తారు. తయారీ ఆగిపోయిన పాత కార్లలో ఈ పలకలు ఉబ్బి, వంగి, పైనున్న రెక్సిన్ చిరిగి పాడవుతాయి. వాటిని మొదటి రూపానికి తీసుకురావడమే తలుపు పలకల పునరుద్ధరణ. ఇంజను పని, రేకు పని తెలిసినవారు చాలా పట్టణాలలో ఉన్నారు. పాత పద్ధతిలో తలుపు పలకలు చేయగలవారు మాత్రం తక్కువ. అందువలన ఈ పనిలో తగిన పనివానిని గుర్తించడం, అతడు దొరికే వరకు పాత పలకను పారవేయకుండా కాపాడుకోవడం ముఖ్యమైన అంశాలు.

చరిత్ర

తొలి రోజుల కార్లలో తలుపుల లోపలి భాగాన్ని కొయ్యతోను, తోలుతోను అలంకరించేవారు. తోలు ఖరీదైనది కనుక దానికి బదులుగా పూత పూసిన బట్ట వాడుకలోకి వచ్చింది. వీటిలో ప్రసిద్ధి చెందినది ఇంగ్లండులో మాంచెస్టర్ సమీపాన ఉన్న హైడ్ పట్టణంలో తయారైన రెక్సిన్. బట్టపై సెల్యులోజ్ నైట్రేట్ పూత వేసి, తోలు గరుకు కనిపించేటట్లు అచ్చు ఒత్తి దీనిని తయారుచేసేవారు. తరువాతి కాలంలో ఆ పూత స్థానంలో పి.వి.సి. వచ్చింది. రెక్సిన్ అనేది ఒక సంస్థ పెట్టిన పేరే అయినా, భారతదేశంలో ఈ రకమైన బట్టలన్నింటికీ అదే పేరు స్థిరపడింది.

రెక్సిన్ కింద ఉండే గట్టి అట్టను హార్డ్‌బోర్డు అంటారు. కొయ్య పీచును ఆవిరితో ఉడికించి, వేడిలో నొక్కి దీనిని తయారుచేస్తారు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, లారెల్ పట్టణంలో విలియం హెచ్. మేసన్ 1924లో ఇటువంటి బోర్డును కనుగొన్నాడు. చవకగా లభించడం, సులభంగా కోయగలగడం వలన ఇది కార్ల పరిశ్రమలో విస్తృతంగా వాడబడింది.

భారతదేశంలో ఎక్కువ మందికి పరిచయమైన పాత కార్లు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని. బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్‌ను 1957 నుండి 2014 వరకు తయారుచేసింది. పద్మిని ఇటలీకి చెందిన ఫియట్ 1100 ఆధారంగా ముంబైలో తయారైన కారు. ఈ రెండు కార్లు టాక్సీలుగా తిరిగినంత కాలం వాటి సీట్లు, తలుపు పలకలు బాగుచేసే పనివారికి నిత్యం పని ఉండేది. 1980వ దశకం నుండి అచ్చు పోసిన ప్లాస్టిక్ పలకలు గల కొత్త కార్లు వ్యాపించాయి. ఇవి విరిగితే బాగుచేయడం కాక కొత్తది కొనడమే పరిపాటి. పాత టాక్సీలు కూడా క్రమంగా తగ్గిపోయాయి. ముంబైలో నలుపు-పసుపు పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో రోడ్డు మీద నుండి తప్పుకున్నాయి. గిరాకీ పోవడంతో ఈ పనివారిలో చాలామంది కొత్త కార్లకు సీటు కవర్లు తొడిగే పనికి మారారు.

నిర్మాణం

సాధారణంగా ఒక పలకలో ఈ క్రింది భాగాలు ఉంటాయి.

* హార్డ్‌బోర్డు: సుమారు 3 మిల్లీమీటర్ల మందం గల అట్ట. హ్యాండిళ్ళ కోసం, క్లిప్పుల కోసం దీనికి రంధ్రాలు ఉంటాయి.
* మెత్త: పలుచని స్పాంజి లేదా దూది పొర.
* రెక్సిన్: పైకి కనిపించే పొర. దీని అంచులను అట్ట వెనుకకు మడిచి జిగురుతో అంటిస్తారు.
* బీడింగు: కొన్ని కార్లలో అలంకారంగా ఉండే మెరుపు పట్టీ. దీని వెనుక ఉన్న రేకు నాలుకలను అట్టలోనికి దూర్చి మడుస్తారు.
* క్లిప్పులు: అట్టను తలుపు రేకునకు పట్టి ఉంచే స్ప్రింగు తీగలు.
* నీటి తెర: పలకకు, తలుపు రేకునకు మధ్య ఉండే ప్లాస్టిక్ కాగితం.

పలకపై కనిపించే నిలువు లేదా అడ్డ గీతలు రెండు విధాలుగా ఏర్పడతాయి. కొన్నింటిలో అవి కుట్లు. మరికొన్నింటిలో అధిక పౌనఃపున్య విద్యుత్తుతో రెక్సిన్‌ను, మెత్తను ఇత్తడి అచ్చు కింద నొక్కి అతికించిన గీతలు. ఈ యంత్రాలు సాధారణంగా 27.12 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేస్తాయి. ఈ తేడా తెలుసుకోవడం అవసరం. కుట్టు గీతలను కుట్టు మిషను ఉన్న మంచి పనివాడు తిరిగి చేయగలడు. అతికించిన గీతలకు మాత్రం ఆ నమూనా అచ్చు కావాలి. ఒక్క కారు కోసం అచ్చు చేయించడం చాలా ఖర్చుతో కూడినది.

పాడవడానికి కారణాలు

తలుపు పలకకు మొదటి శత్రువు నీరు. వాన పడినప్పుడు కిటికీ అద్దం పక్కనున్న రబ్బరు సందులోంచి కొంత నీరు తలుపు లోపలికి దిగుతుంది. తలుపు అడుగున ఉన్న రంధ్రాల గుండా అది బయటకు పోవాలి. ఆ రంధ్రాలు మట్టితో పూడిపోయినా, నీటి తెర చిరిగిపోయినా అట్ట నీటిని పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన అట్టలో క్లిప్పుల రంధ్రాలు తెగిపోతాయి. చాలామంది మెకానిక్కులు అద్దం మరమ్మతు చేసినపుడు నీటి తెరను తీసివేసి మరల పెట్టకపోవడం ఈ నష్టాన్ని పెంచుతుంది.

రెండవది ఎండ. పి.వి.సి.ని మెత్తగా ఉంచే పదార్థాలు వేడికి క్రమంగా బయటకు పోవడం వలన రెక్సిన్ గట్టిపడి పగులుతుంది, రంగు వెలిసిపోతుంది. మూడవది మనుషుల చేతి పని. స్పీకర్లు అమర్చడానికి అట్టను గుండ్రంగా కోయడం, క్లిప్పులు పోయిన చోట మరలు బిగించడం వంటివి దీనికి ఉదాహరణలు.

పునరుద్ధరణ విధానం

విప్పడానికి ముందు పలకను అన్ని వైపుల నుండి ఫోటోలు తీసుకోవాలి. అద్దం తిప్పే హ్యాండిల్ చాలా పాత బ్రిటిష్ తరహా కార్లలో ఒక చిన్న సీలతో బిగించి ఉంటుంది. హ్యాండిల్ కింది బిళ్ళను లోపలికి నొక్కితే ఆ సీల కనబడుతుంది. పలకను మధ్యలో పట్టి లాగకుండా, ప్రతి క్లిప్పు పక్కన చదునైన పనిముట్టు దూర్చి నెమ్మదిగా లేపాలి. తీసిన ప్రతి పలక వెనుక కుడి, ఎడమ, ముందు, వెనుక అని వ్రాసుకోవాలి.

పాత పలక ఎంత చెడిపోయినా పనివానికి అదే కొలబద్ద. కొత్త అట్టను దాని మీదనే గీసి కోస్తారు. గీతల మధ్య దూరం, బీడింగు స్థానం, క్లిప్పుల రంధ్రాలు అన్నీ దాని నుండే తెలుస్తాయి. చేతి ఆనుడు కింద, హ్యాండిల్ బిళ్ళ కింద ఎండ తగలని చోట అసలు రంగు మిగిలి ఉంటుంది. ఎంచుకునే రెక్సిన్ రంగును దానితో సరిచూడాలి. ఉబ్బిన పలక కంటే అసలు పలకే లేకపోవడం పెద్ద నష్టం. అటువంటప్పుడు అదే నమూనా కారు యజమాని నుండి పలకను అరువు తెచ్చుకోవలసి వస్తుంది.

రెక్సిన్ బాగుండి అట్ట మాత్రమే చెడితే, రెక్సిన్‌ను జాగ్రత్తగా విడదీసి కొత్త అట్టపై అంటించవచ్చు. అట్ట బాగుండి రంగు మాత్రమే వెలిస్తే శుభ్రపరచి, వినైల్‌కు తగిన రంగు వేయవచ్చు. రెండూ చెడితేనే పూర్తిగా కొత్త పలక చేయాలి. కొత్త అట్ట అంచులకు, వెనుక భాగానికి వార్నిష్ పూస్తే తేమ పీల్చడం తగ్గుతుంది. బీడింగు నాలుకలను పలుమార్లు వంచితే విరిగిపోతాయి కనుక వాటిని ఒకేసారి మడవాలి. బిగించే ముందు తలుపు అడుగు రంధ్రాలు శుభ్రపరచి, తుప్పు తీసి, కొత్త నీటి తెర అంటించాలి. ఈ పని వదిలివేస్తే కొత్త పలక కూడా పాతదాని వలెనే చెడిపోతుంది.

పనివానిని ఎంచుకోవడం

పలకలో ఏ భాగం చెడిందో దానిని బట్టి వెతకవలసిన పనివాడు మారుతాడు. కుట్టు గీతలు, రెక్సిన్ పని అయితే కారు సీట్లు కుట్టేవారు, సోఫా పనివారు తగినవారు. అట్ట కోత పని వడ్రంగి కూడా చేయగలడు. అంటే పని మొత్తం ఒక్కరే చేయనవసరం లేదు. అయితే కొలతల బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

పాత సామాను దొరికే చోట్ల ఇటువంటి పనివారి ఆచూకీ కూడా దొరికే అవకాశం ఎక్కువ. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాదు రాణీగంజ్, చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ మాయాపురి ఇటువంటి మార్కెట్లుగా పేరు పొందాయి. పాత కార్ల ప్రదర్శనలలో పాల్గొనే యజమానులను అడిగి తెలుసుకోవడం మరొక మార్గం. ఎక్కువ కాలం టాక్సీలు నడిపినవారికి కూడా పాత పనివారు తెలిసి ఉంటారు.

పని ఒప్పగించే ముందు ఈ విషయాలు గమనించడం మంచిది.

* అతడు గతంలో చేసిన పలకను ముందు వైపే కాక వెనుక వైపు కూడా చూడాలి. అంచుల మడత, మూలల కోత, జిగురు పట్టు వెనుక వైపునే బయటపడతాయి.
* పాత రెక్సిన్ తీయకుండా దానిపైనే కొత్తది అంటిస్తాననేవారిని, క్లిప్పులకు బదులు పైనుండి మరలు బిగిస్తాననేవారిని ఎంచుకోరాదు.
* మొదట ఒక వెనుక తలుపు పలకను మాత్రమే ఇచ్చి పనితనం చూడవచ్చు.
* రెక్సిన్ మాత్రం నాలుగు తలుపులకు, సీట్లకు సరిపోయేంత ఒకేసారి కొనాలి. ఒకే రంగు అయినా చుట్టకు, చుట్టకు మధ్య ఛాయ మారుతుంది.
* పాత పలకలు, క్లిప్పులు, బీడింగులు తిరిగి ఇవ్వాలని, ఎన్ని రోజులలో పని పూర్తి చేయాలని కాగితం మీద వ్రాసుకోవాలి.

పనివాడు దొరకడానికి నెలలు పట్టవచ్చు. ఈలోగా పలకలను నిలబెట్టకుండా, పొడి గదిలో చదునుగా పరచి ఉంచాలి.

అసలు రూపం ప్రాధాన్యం

1966లో ఏర్పడిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా, 2012లో ఆమోదించిన టురిన్ పత్రంలో, పాత వాహనాలను సాధ్యమైనంత వరకు ఉన్నది ఉన్నట్లుగా పరిరక్షించాలని, చేసిన మార్పులను నమోదు చేయాలని సూచించింది. భారత ప్రభుత్వం 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించి, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరాలు దాటి, అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తించింది. వీటి నంబరు ప్లేటులో వి.ఎ. అనే అక్షరాలు ఉంటాయి.

ఈ దృష్టితో చూస్తే అంతా కొత్తగా మెరిసే పలక కంటే, చిన్న మచ్చలున్నా కర్మాగారం నుండి వచ్చిన పలకకే విలువ ఎక్కువ. బాగుచేయగలిగిన దానిని బాగుచేయడం, మార్చక తప్పని దానిని పాత కొలతలతో మార్చడం, తీసివేసిన దానిని భద్రపరచడం అనేవి ఈ పనిలో పాటించవలసిన మూడు సూత్రాలు. నేడు తగిన పనివాడు దొరకకపోయినా, పాత పలక భద్రంగా ఉంటే ఆ పని తరువాతి తరం వారైనా చేయగలుగుతారు.

ఇవి కూడా చూడండి

* అంబాసిడర్ కారు
* ప్రీమియర్ పద్మిని
* హార్డ్‌బోర్డు
* విజయవాడ ఆటోనగర్