దుబాసీల పట్టణము

విశాఖపట్టణపు పూర్వచరిత్ర వ్రాసినవారు ఓడలను, కోటలను, జమీందారుల కలహములను విపులముగా వర్ణించిరి గాని, ఆ యోడలనుండి దిగిన పరదేశీయులకును ఈ యొడ్డున నిలిచిన దేశీయులకును నడుమ నిలిచి, అక్కడి మాట నిక్కడికి, ఇక్కడి మాట నక్కడికి చేరవేసిన మనుష్యుని గూర్చి విచారించినవారు మిక్కిలి తక్కువ. వానిని దుబాసీ యనిరి. 1682 ప్రాంతమున ఆంగ్లేయ వర్తకసంఘమువారు ఈ పట్టణమున వర్తకస్థానము నెలకొల్పుకొన్నప్పుడు వారికి దేశభాష రాదు. వారి భాష ఇచ్చటివారికి రాదు. ఫౌజుదారు నొద్దకు పోవలసినను, పడవవానితో బేరమాడవలసినను, సాలెవానికి బయానా ఇయ్యవలసినను దుబాసీ లేనిదే అడుగు సాగదు. అతడు ఉత్త భాషాంతరీకర్త కాడు. దొరగారి యింటి ఖర్చు చూచువాడతడు, అప్పు పుట్టించువాడతడు, నౌకరులను కుదుర్చువాడతడు, చాటున తన సొంత వ్యాపారమును నడుపుకొనువాడును అతడే. నోటికి జీతమిచ్చి చేతికి స్వేచ్ఛ ఇచ్చిన ఉద్యోగమది.

దుబాసీల నందఱను ఒక్క గాటను కట్టి దూషించుట నా యుద్దేశము కాదు. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీయైన ఆనందరంగ పిళ్ళె 1736 మొదలు 1761 వఱకు వ్రాసికొన్న దినచర్యను చూచినచో, సరకుల ధరలు, దొరల కోపతాపములు, బజారు వదంతులు, తన లాభనష్టములు ఒకే పుటలో కలిసియుండుట కనబడును. అట్టివాని సంకటము తెలియనిది కాదు. అత్తకును కోడలికిని మాటలు లేని యింట ఆడబిడ్డ యెట్టిదో, రెండు జాతులు ఒకరి భాష నొకరెఱుగని రేవున దుబాసీ యట్టివాడు; ఇంటి శాంతి ఆమె మంచితనముపై నాధారపడి యుండును గాని, ఆమెకు ఆ శాంతివలన కలుగు లాభము కంటె కలహమువలన కలుగు పెత్తనమే యెక్కువ. దోషము భాషాభేదమున లేదు. ఆ భేదము తొలగకుండుటే ఎవనికి జీవనోపాధియో, వానినే నమ్మి కూర్చుండవలసి వచ్చుట యందున్నది.

దీని ఫలమును మొదట అనుభవించినవారు నేతగాండ్రు. ఈ తీరమునుండి యెగుమతి యైన సరకులలో నూలుగుడ్డ ప్రధానము. పడుగులో ఎన్ని పంజములున్నవో దానినిబట్టి గుడ్డ నాణెమును నిర్ణయించువారు. పంజమనగా నూట యిరువది పోగులు. ముందుగా బయానా పుచ్చుకొన్న సాలెవాడు గుడ్డ నేసి తెచ్చినపిమ్మట, బంగసాలలో దానిని నమూనాతో సరిపోల్చి, నాసిరకమని త్రోసివేసిన తానునకు వెల తగ్గించువారు, లేక వెనుకకే యిచ్చివేయువారు. ఎందుకు త్రోసివేసిరో దొర చెప్పడు; చెప్పినను సాలెవానికి తెలియదు; చెప్పవలసినవాడు దుబాసీ, కాదేని అతని క్రింది గుమాస్తా. అందులో చెప్పినదెంత, మ్రింగినదెంత యని విచారించుటకు ఉభయులకును దారి లేదు. 1816లో ఈ మండలపు నేతగాండ్రు కంపెనీవారి వర్తకపద్ధతిపై తిరుగబడి మూకుమ్మడిగా అర్జీలు పెట్టుకొన్నప్పుడు వారు కోరిన వానిలో కూలి యున్నది, వెల యున్నది. ఐనను ఆ యర్జీలను నేను, నడుమనున్న వానిని దాటి పైనున్న వానితో తమ మాట తామే చెప్పుకొనవలెనని సామాన్యులు చేసిన ప్రయత్నముగా భావింతును. ఆ యర్జీలును చెన్నపట్టణపు అధికారులను చేరుటకు మరల భాషాంతరీకర్త చేతిలో పడవలసినవే యగుట వేఱు సంగతి.

రాజకీయములలో ఈ మధ్యవర్తిత్వము సాలెవాని బయానా వలె చిన్న విషయము కాదు. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలికోట నేలమట్టమగుటకు హేతువులు పెక్కులు గలవు. విజయనగర ప్రభువు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ పక్కననే యుండెను; బొబ్బిలి రంగారావు దూరమున తన కోటలో నుండెను; బుస్సీకి దివానైన హైదర్ జంగు విజయరామరాజు సొమ్ము తిన్నాడని జానపదులు పాడుకొందురు. ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఓర్మి వ్రాసిన వృత్తాంతములో, ఈ కథకు మూలమనదగిన రెండు సంగతులు కలవు. బొబ్బిలికి బదులుగా అంతకంటె విశాలమైన, విలువైన భూములను మఱియొకచోట నిత్తుమని బుస్సీ రంగారావునకు కబురంపెను. ఫ్రెంచివాని లెక్కలో అది ఔదార్యము, కలహమును మాన్పు ఉపాయము. రాజ్యమన్నది ఆదాయమును బట్టి మార్చుకొనదగిన ఆస్తి. తాతముత్తాతల నాటి కోటనే తన పేరుగా పెట్టుకొని బ్రదుకు వెలమదొరకు ఆ కబురు యుద్ధప్రకటనము కంటె హీనమైన అవమానము. పిమ్మట బొబ్బిలి అడవిదారిని ఫ్రెంచి సిపాయిలు పోవుటకు అనుమతి అడుగబడెను, అనుమతి ఇయ్యబడెను, ఐనను ఆ దండుపై దెబ్బపడి ముప్పది మంది సిపాయిలు చచ్చిరి. విజయరామరాజు పన్నిన తంత్రమో, రంగారావు మనుష్యుల తొందరపాటో ఓర్మియే తేల్చిచెప్పలేదు. ఇచ్చిన అనుమతి అడవిలో కావలియున్న వానివఱకు చేరలేదని నాకు తోచును. బుస్సీ మాత్రము దానిని రంగారావు ద్రోహముగానే గ్రహించెను. ఆ వెనుక జరిగినది బుఱ్ఱకథ చెప్పువారికి ఆంధ్రదేశమంతట నోటికి వచ్చును గాన ఇచ్చట వ్రాయ బనిలేదు.

మఱుసటి యేడు దీనికి ప్రతిగా నిలువదగిన మఱియొక సంగతి జరిగెను; దానిని చెప్పుకొనువారు లేరు. విజయరామరాజు తరువాత వచ్చిన ఆనందగజపతిరాజు ఫ్రెంచివారితో చెడి, విశాఖపట్టణమును వారినుండి లాగికొని, ఆంగ్లేయులను రమ్మని వర్తమానమంపెను. క్లైవు వంగదేశమునుండి కర్నల్ ఫోర్డును పంపెను. సైన్యపు ఖర్చునకు నెలకు 50,000 రూపాయలును, అధికారుల బత్తెమునకు 6,000 రూపాయలును రాజు ఇయ్యవలెనని ఒడంబడిక వ్రాసికొనిరి. 1758 డిసెంబరు 9న చందుర్తి యొద్ద ఫ్రెంచివారు ఓడిపోయిరి. గెలిచిన తరువాత ధనము రాలేదు. ధనము రానిదే ఫోర్డు కదలలేదు. కాగితముపై స్పష్టముగా నున్న యొడంబడిక దినములు గడచినకొలది ఉభయులకును అనుమానకారణమయ్యెను. అప్పుడు విశాఖపట్టణపు వర్తకస్థానమునకు అధిపతిగా వచ్చిన ఆండ్రూసు అనువాడు, పూర్వము మాధవపాలెమున నున్నప్పుడు రాజును స్వయముగా నెఱిగినవాడగుటచే, ఇరువురిని మరల కూర్చెను: రాజు ఇచ్చు సొమ్ము అప్పుగా లెక్కించుటకును, గోదావరికి ఆవల గెలిచిన సీమల ఆదాయమును సమముగా పంచుకొనుటకును క్రొత్త షరతులు కుదిరెను. ఆండ్రూసు ధర్మాత్ముడని చెప్పుటకు నేను సాహసింపను. కంపెనీ నౌకరులలో అట్టివారిని వెదకుట వ్యర్థశ్రమ. ఐనను ఎదుటివాని భయమేదో, గౌరవమేదో కొంత ముందుగా నెఱిగినవాడు ఒక్కడుండుటచే ఏ పని జరిగెనో ఇచ్చట స్పష్టము. ఆ సైన్యమే 1759 ఏప్రిలులో మచిలీపట్టణమును పట్టుకొనెను.

భాషను లాభమునకై కాక, ఎదుటివానికి అర్థమగుటకై నేర్చినవారు ఈ పట్టణమునకు 1805లో వచ్చిరి. లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రానును, అగస్టసు డెస్ గ్రాంజెసును తెలుగు నభ్యసించి, క్రైస్తవమతమును పుచ్చుకొన్న ఆనందరాయరను బ్రాహ్మణుని సాయముతో సువార్తలను తెనిగింప మొదలిడిరి. క్రాను 1809లోను, డెస్ గ్రాంజెసు 1810లోను చనిపోయిరి. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. తరువాత వచ్చిన ప్రిచెట్టు కృషిచే క్రొత్త నిబంధన 1818లో చెన్నపట్టణమున వెలువడెను. మతాంతరీకరణము విషయమున మనకెట్టి యభిప్రాయమున్నను, ఆనందరాయరుతో కలసి వారు ప్రతి వాక్యమును, వినువాడెట్లు గ్రహించునో యని వెనుకకు ముందునకు సరిచూచుకొనవలసి వచ్చినదన్నమాట నిజము. వినువానికి తెలియకుండుటవలన వారికి లాభము లేదు. ఐతే వారు చెప్పుటకు వచ్చినవారు. వినుటకు వచ్చినవారు కారు. ఆ కొఱత వారి పనిలో చివరివఱకు నిలిచియుండెను.

మనుష్యుల నోళ్ళతో ఇంత చిక్కు గలిగినందుననే కాబోలు, సముద్రముపై సంచరించువారు నోరు లేని సంకేతములను వెదకికొనిరి. చెన్నపట్టణమున జ్యోతిశ్శాస్త్రము నభ్యసించి వచ్చిన గోడే వేంకట జగ్గారావు 1840లో ఈ యూర వేధశాలను స్థాపించెను. ఆయన యేర్పాటున యారాడ కొండకొనపై నాటిన ధ్వజస్తంభమున ప్రతిదినము ఉదయము తొమ్మిది గంటలకు జెండా సంజ్ఞ చేయుచుండ, దానిని చూచి ఓడవారు గడియారములను సరిచేసికొనుచుండిరి. 1857లో ఆంగ్ల ప్రభుత్వమువారు ఓడలకు సంకేతపతాకల నిఘంటువును ప్రకటించిరి. 1933 అక్టోబరులో జలదుర్గ యను నావ క్రొత్త రేవున ప్రవేశించినది మొదలు నేటివఱకు, ఏ దేశపు నావయైనను ఇఱుకైన కాలువలోనికి రాకమునుపు పైలటు దాని నెక్కును. సగము తెలుపు, సగము ఎఱుపు జెండా పైకి లేచును. అంతకంటె నాకు విశేషముగా దోచునది చుక్కాని పట్టువాని యాచారము. పైలటిచ్చిన యుత్తరువును వాడు మరల బిగ్గరగా పలుకవలెను; పని యైనపిమ్మట ఐనదని మరల చెప్పవలెను. చెప్పితినని తలంచుటకును, వింటినని రుజువగుటకును మధ్యనున్న యెడమును ఆ వృత్తివారు ప్రాణభయముచే గుర్తించిరి. ఆ కాలువ ముఖమున అలల నడ్డగించుటకై జానస్, వెలెస్డన్ అను రెండు పాత నావలను ఇంజనీర్లు బుద్ధిపూర్వకముగానే ముంచిరి గాన, మూడవదానిని పొరబాటున ముంచుటకు ఎవ్వరికిని కోరిక లేదు.

ఈ రేవునుండియు భీమునిపట్టణమునుండియు రంగూను పొగయోడ లెక్కిన వేలకొలది కూలీల కథ యిట్టి యదృష్టము నెఱుగదు. వారికి బర్మాభాష రాదు, ఇంగ్లీషు రాదు. వారి పక్షమున మాటలాడువాడు మేస్త్రీ. ఓడకేవు మొదలు ఊర నిచ్చిన బయానా వఱకు అప్పుగా వ్రాసికొని, రేవులో పనికి కుదిర్చి, కంపెనీ యిచ్చిన కూలిని తానే పుచ్చుకొని, తన వాటా మినహాయించి పంచిపెట్టు ఆ మేస్త్రీ దుబాసీకి దాయాదియే. బర్మీయులు వారిని కొరంగీలనిరి. 1930 మే నెలలో ఓడసరకు దించు తెలుగు కూలీలు సమ్మె చేయగా, యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మనిరి. ఆ యుదయముననే రంగూను వీథులలో తెలుగువారి రక్తము పాఱెను. ఇరుపక్షములవారును కూలికై వచ్చినవారే. వారిలో నొకరితో నొకరు నేరుగా మాటలాడుకొను ఏర్పాటును ఎవ్వరును చేయలేదు. చేయువానికి లాభము లేదు.

ఈ దుబాసీ సంప్రదాయమునకు ఎదురు నడచినవాడు ఒక బడిపంతులు. పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి, కొండలనుండి సంతకు దిగు సవరలు వర్తకుని చేతను కచేరీ మధ్యవర్తి చేతను మోసపోవుట చూచి, 1890ల లోనే వారి భాషను నేర్చికొనుటకు పూనెను. వ్యాకరణము లేదు, లిపి లేదు, నిఘంటువు లేదు. సవరభాష యెఱిగిన మనిషిని ఇంట పెట్టుకొని, అడిగి, విని, తప్పులు దిద్దించుకొని నేర్చెను. ఆ భాషలో వాచకములు వ్రాసి, సవరబాలురకు బడులు పెట్టెను. ప్రభుత్వమువారు ప్రతిఫలమియ్యవచ్చినప్పుడు ఆ సొమ్ముతో వారికి బడులు పెట్టుమని కోరెను. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును అచ్చయ్యెను. వ్యావహారికోద్యమమున ఆయనకు గల కీర్తి యందఱకును తెలియును. గ్రాంథికాభిమానులు ఆయనను నేటికిని క్షమింపలేదు, ఈ వ్యాసపు శైలినిబట్టి నన్నును వారిలో నొకనిగా నెంచవచ్చును. ఐనను ఆయన సవరకృషిముందు ఆ వాదములు నాకు చిన్నవిగా తోచును. మధ్యవర్తి యక్కఱలేకుండ చేయుటకై మధ్యవర్తి కాగలిగిన విద్వాంసుడు ఆయన.

స్వాతంత్ర్యానంతరము ఈ పట్టణమునకు వచ్చిన పరదేశీయులు వర్తకులు కారు, ఇంజనీర్లు. సోవియట్ దేశపు జలాంతర్గాములు 1960ల చివర వచ్చుటకు ముందే మన నావికులు వ్లాదివోస్తోకునకు పోయి రష్యనుభాష నేర్చిరి. ఉక్కు కర్మాగారమునకై 1979లో సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరినపిమ్మట రష్యను నిపుణులును, వారి వెంట దుబాసీలును వచ్చిరి. కొలిమిలో కరగిన లోహము మాటతప్పును క్షమింపదు గాన, ఈ దుబాసీలకు మ్రింగివేయు స్వేచ్ఛ లేదు. నక్షా యొకటి, అంకె యొకటి, ఉభయులకును కనబడు కొలిమి యొకటి సాక్షులుగా నుండెను. రష్యను సాయముతో లేచిన కొలుములకు గోదావరి, కృష్ణ యని పేర్లు పెట్టుకొనిరి. 1992 ఆగస్టు 1న పి. వి. నరసింహారావు కర్మాగారమును జాతికంకితము చేసెను.

అదే కర్మాగారమునకై అఱువది నాలుగు గ్రామములవారు భూములు విడిచిరి. రష్యనునకు దుబాసీ నిచ్చిన వ్యవస్థ వారికెవ్వరినీ ఇయ్యలేదు. 1894 నాటి చట్టముక్రింద గెజెట్టులో ప్రకటన వెలువడెను. అవార్డు, పరిహారము, అభ్యంతరముల గడువు అను మాటలు అధికారి నోట తెలుగులోనే వచ్చెను గాన రైతునకు తెలిసియుండునని అందఱును తలంచిరి. పునరావాసము క్రింద వారికి ఆర్ కార్డులు ఇచ్చిరి. ఆ కార్డువలన ఇంటికొక యుద్యోగము నిశ్చయమని పుచ్చుకొన్నవారు గ్రహించిరి. ఉద్యోగములున్నప్పుడు ప్రాధాన్యము మాత్రమే యని యిచ్చినవారు వాదించిరి. తండ్రుల పేర నున్న ఆ కార్డులను పట్టుకొని కొడుకులును మనుమలును ఇప్పటికిని కార్యాలయముల చుట్టు తిరుగుచున్నారు.