బరాబర్: పద్దులోని మాట, మనిషిలోని మాట

సమానత్వం గురించి మన విమర్శకులు విస్తారంగా రాశారు. ఆ భావానికి ప్రజలు పెట్టుకున్న పేర్లను మాత్రం తక్కువగా పట్టించుకున్నారు. మర్రిగూడ, దేవరకొండ ప్రాంతాల్లో, అటు పాలమూరు పల్లెల్లో ‘సరి’, ‘సాటి’ అనే దేశి మాటల పక్కనే ‘బరాబర్’ కూడా ఉంది. ‘లెక్క బరాబరయింది’ అంటే సరిపోయిందని. ‘బరాబర్ వస్త’ అంటే తప్పక వస్తానని. సమానమైనది, సరైనది, తప్పనిది ఈ ఒక్క మాటలోనే ఒదిగాయి.

ఇది ఫారసీ మాట. ‘బర్’ అంటే రొమ్ము. ‘బరాబర్’ అంటే రొమ్ముకు రొమ్ముగా, పక్కపక్కన నిలవడం. నైజాం రాజ్యంలో మొదట ఫారసీ, 1880ల నుంచి ఉర్దూ పాలనా భాషలు. కచేరీ, దఫ్తరు, అంగడి దారిన ఇలాంటి మాటలు పల్లెకు చేరాయి. ఇది పరాయి మాట అనే పండితులు ఒక సంగతి మరుస్తారు: ‘సమానం’ కూడా సంస్కృతం నుంచి తెచ్చుకున్నదే. సంస్కృత ‘సమ’కూ, ఫారసీ ‘హమ్’కూ, ఇంగ్లీషు ‘సేమ్’కూ మూలం ఒక్కటే.

అసలు ప్రశ్న మాట ఎక్కడ పుట్టిందని కాదు, ఎవరికి వర్తించిందని. అప్పు కింద కట్టుబడిన జీతగాణ్ణి నాటి దస్తావేజులు ‘భగేలా’ అన్నాయి. 1936లో నైజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాలపై చట్టం చేసింది. కాని లెక్క రాసేది దొర పక్షం. చదువు రానివాడు జీతగాడు. ఆ పద్దు ఎన్నటికి బరాబరవుతుంది?

అతని నోట భూస్వామ్యం పలికించిన మాట వేరు: ‘బాంచన్, నీ కాల్మొక్త’. రెండు మాటల్లోనూ మనిషి శరీరమే ఉంది. ఒకదానిలో తల కాళ్ల దగ్గరుంటుంది; రెండోదానిలో రొమ్ముకెదురుగా రొమ్ము ఉంటుంది. మొదటిది మనుషులకు, రెండోది సరుకులకూ పద్దులకూ మిగిలింది.

1930లో జోగిపేటలో తొలి సభ జరుపుకున్న నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ, 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభ నాటికి రైతుకూలీల వేదికగా మారింది. 1946-51 సాయుధ పోరాటం వెట్టినీ, దొరల భూమి పెత్తనాన్నీ ఎదిరించింది. దొర ముందు నిటారుగా నిలబడ్డ మనిషి ‘బరాబర్’కు దాని తొలి అర్థాన్ని తిరిగి ఇచ్చాడు. ఆ పని నిఘంటువులు చేయలేదు. 1950లో రాజ్యాంగం చట్టం ముందు సమానత్వాన్ని ప్రకటించింది; అయినా వెట్టిచాకిరీ రద్దుకు 1976లో మళ్లీ చట్టం అవసరమైంది.

కనుక రచయితలు ఈ మాటను యాస రుచి కోసం వాడి ఊరుకోరాదు. ఎవరు, ఎవరి కళ్లలోకి చూస్తూ ‘బరాబర్’ అంటున్నారో గమనించాలి. దాని చరిత్ర అక్కడే ఉంది.