మాంత్రికుడు పక్కింటికి వచ్చిన వైనం

బాన్సువాడ నుంచి బిచ్కుంద, మద్నూర్ మీదుగా పోతే మహారాష్ట్ర. కాస్త అటు తిరిగితే కర్ణాటక, బీదర్ జిల్లా. మూడు భాషలు కలిసే ఈ సరిహద్దులో ముగ్గురికీ అర్థమయ్యే మాట ఒకటుంది: బాణామతి. మరాఠీ, కన్నడ వాళ్లు భానామతి అంటారు. ఇంటి మీద రాళ్లు పడ్డా, పెట్టెలో బట్టలు అంటుకున్నా, ఒంటి మీద వాతలు తేలినా దాని ఖాతాలోకే పోతాయి. అమావాస్య తెల్లారి మూడుబాటల కాడ కుంకుమ అద్దిన నిమ్మచెక్క కనబడితే, ఎంత చదువుకున్నవాడైనా బండి హ్యాండిల్ కొంచెం పక్కకు తిప్పుతాడు. నేనూ తిప్పుతాను.

భయం పాతదే. దాన్ని వినోదంగా అమ్ముకోవడమే కొత్త. 1951లో ‘పాతాళభైరవి’ వచ్చినప్పుడు ఎస్.వి. రంగారావు వేసిన మాంత్రికుడు హడలగొట్టాడు, నవ్వించాడు కూడా. గడ్డం గీయించుకుంటే మహిమ పోయేవాడికి జడిసి ఎవరు తలుపులేసుకుంటారు? పైగా అతనిది ఎక్కడో నేపాళం. ‘చందమామ’ బేతాళుడు మరీ నయం, శవంలో దూరి తర్కం మాట్లాడే పెద్దమనిషి.

1980ల మొదట్లో కథ అడ్డం తిరిగింది. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియల్‌తో చేతబడి పల్లె దాటి, చదువుకున్నవాళ్ల ఇంట్లో పసిపిల్ల మీదికి వచ్చింది. ఆయన నేర్పంతా మంత్రం పక్కనే వైద్యాన్నీ, హిప్నాటిజాన్నీ నిలబెట్టడంలో ఉంది. నమ్మేవాడు ఒక దారిన, నమ్మనివాడు ఇంకో దారిన చదువుకున్నారు. ఇద్దరూ వచ్చే వారం సంచిక కొన్నారు. రచయిత్రి రంగనాయకమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఏకంగా పుస్తకమే రాశారు. అయినా ఆ నవలలోని క్షుద్రశక్తి కాష్మోరా పేరు జనం నోళ్లలో బూచిపేరై మిగిలింది.

తర్వాత ‘అరుంధతి’ (2009) అఘోరాను గ్రాఫిక్స్‌తో పెంచింది. దాని సంగతి అంతే. ‘మా ఊరి పొలిమేర’ (2021), ‘విరూపాక్ష’ (2023) చేతబడిని మళ్లీ పల్లెకు తోలుకొచ్చాయి. నాకు ఇబ్బంది ఇక్కడే. ‘విరూపాక్ష’ మొదట్లో ఊరివాళ్లు క్షుద్రపూజల అనుమానంతో ఒక జంటను చెట్టుకు కట్టి తగలబెడతారు. పన్నెండేళ్లకు ఆ ఇల్లాలి శాపం తగులుతుంది. అంటే ఆ జంటకు మంత్రాలు నిజంగానే వచ్చు, ఊరి అనుమానమే గెలిచింది. కథగా బిగువుగానే ఉంది, చూస్తూ నేనూ కుర్చీ చేతులు పట్టుకున్నాను.

తెర బయట సంగతి వేరు. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టులో పుణెలో కాల్చి చంపాక మహారాష్ట్ర చేతబడి, క్షుద్రపూజల మీద చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో చేసింది. ఇక మన పేపర్ల జిల్లా పేజీల్లో ‘మంత్రాల నెపంతో’ అన్న శీర్షిక అచ్చుకు పాతబడిపోయింది. దాని కింద ఉండేది సాధారణంగా ఒంటరి ముసలమ్మో, పొలం గట్టు తగాదా ఉన్న పాలివాడో. వరసగా రెండు జ్వరం చావులు, ఒక అనుమానం, రాత్రిపూట కర్రలు. ఆ వార్తలో పన్నెండేళ్ల తర్వాత శాపమేదీ ఫలించదు. పంచనామా, పోస్టుమార్టం, వాయిదాలు. ఆ ఇంటికి తాళం.