44వ జాతీయ రహదారి వెంట రాయలసీమ: గుత్తి నుంచి లేపాక్షి వరకు చూడదగిన చరిత్ర, చిత్రాలు

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు వెళ్లే వాహనాల్లో అధిక భాగం 44వ జాతీయ రహదారి మీదుగా సాగుతాయి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి వరకు సాగే ఈ రహదారి దేశంలోకెల్లా పొడవైనది. ఇది కర్నూలు దాటి రాయలసీమ మెట్ట భూముల్లో ప్రవేశించిన తరువాత రెండు పక్కలా బండరాళ్ల గుట్టలు, వేరుశనగ చేలు, అక్కడక్కడా కోట గోడలు కనిపిస్తాయి. చాలామంది ప్రయాణికులు వీటిని కిటికీలోంచి చూసి ముందుకు సాగిపోతారు.

ఈ గుట్టల నడుమ క్రీస్తు పూర్వం 3వ శతాబ్దపు శాసనాలు ఉన్నాయి. విజయనగర రాజుల రాజధాని ఉంది. నేలను ఆనీ ఆననట్లు నిలిచిన స్తంభం, ఎకరాల కొద్దీ విస్తరించిన మర్రిచెట్టు, నిద్రపోతున్న కుంభకర్ణుని భారీ విగ్రహం కూడా ఉన్నాయి. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలతో పాటు కర్నూలు జిల్లా సరిహద్దు ప్రాంతంలో చూడదగిన ఈ స్థలాల విశేషాలను, వాటి చుట్టూ అల్లుకున్న కథలను, అవి ఎదుర్కొంటున్న సమస్యలను ఈ కథనంలో తెలుసుకుందాం.

గుత్తి కోట: కొండ అంచున మురారిరావు గద్దె

హైదరాబాద్ నుంచి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న గుత్తి ఒక రైల్వే జంక్షన్‌గా అందరికీ తెలుసు. పట్టణానికి ఆనుకుని ఉన్న కొండమీద కోట ఉంది. ఇక్కడ పశ్చిమ చాళుక్యుల కాలంనాటి శాసనాలు లభించాయి. తరువాత ఈ కోట విజయనగర రాజుల అధీనంలోకి వచ్చింది. 18వ శతాబ్దంలో మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే దీనిని తన స్థావరంగా చేసుకున్నాడు. 1776లో మైసూరు పాలకుడు హైదర్ అలీ దీర్ఘకాలం ముట్టడించి కోటను పట్టుకున్నాడు. కోటలో నీరు అడుగంటడమే లొంగుబాటుకు ముఖ్య కారణమని చరిత్రకారులు చెబుతారు. కొండమీద నేటికీ కనిపించే బావులను, కొలనులను చూసినప్పుడు ఆ సంగతి గుర్తుకు రాక మానదు.

కోటపైన, లోయ అంచున ఒక చిన్న మండపం ఉంది. దానిని స్థానికులు మురారిరావు గద్దెగా చూపిస్తారు. అక్కడి నుంచి గుత్తి పట్టణం, రైలు పట్టాలు, చుట్టూ మైదానం ఒక్క చూపులో కనిపిస్తాయి.

గుత్తికి మరో చారిత్రక బంధం కూడా ఉంది. 1800 నుంచి 1807 వరకు దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసి, రైత్వారీ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పిన థామస్ మన్రో ఆ తరువాత మద్రాసు గవర్నరు అయ్యారు. 1827 జులైలో పర్యటనలో ఉండగా పత్తికొండ వద్ద కలరా సోకి మరణించారు. ఆయన్ను మొదట గుత్తి కోట దిగువనున్న శ్మశానవాటికలో ఖననం చేశారు. కొన్నేళ్ల తరువాత అవశేషాలను మద్రాసులోని సెయింట్ జార్జి కోటకు తరలించారు. ఈ ప్రాంతంలో ఒకప్పుడు పిల్లలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకునేవారని చెబుతారు.

ఎర్రగుడి: రాళ్లపై అశోకుని మాట

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి సమీపాన ఒక చిన్న గుట్ట ఉంది. దూరం నుంచి చూస్తే మిగిలిన గుట్టలకూ దీనికీ తేడా కనిపించదు. దగ్గరకు వెళితే బండలమీద బ్రాహ్మీ లిపిలో చెక్కిన అక్షరాలు వరుసలు తీరి ఉంటాయి. ఇవి మౌర్య చక్రవర్తి అశోకుని శాసనాలు. 1929లో ఇవి వెలుగులోకి వచ్చాయి.

అశోకుని ప్రధాన శిలాశాసనాలు, లఘు శిలాశాసనాలు రెండూ ఒకే చోట ఉండడం ఎర్రగుడి ప్రత్యేకత. భాష ప్రాకృతం. లఘు శాసనంలో మరో వింత ఉంది. బ్రాహ్మీ లిపిని ఎడమ నుంచి కుడికి రాస్తారు. ఇక్కడ మాత్రం కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, వాటి వెంట వచ్చే పంక్తులు కుడి నుంచి ఎడమకూ సాగుతాయి. పొలంలో నాగలి ఒక సాలు ముగించి తిరిగి వచ్చినట్లుగా ఈ రాత సాగుతుంది. భారతదేశంలోని ప్రాచీన శాసనాల్లో ఇటువంటి రాత చాలా అరుదు.

ఇక్కడి రెండవ ప్రధాన శాసనంలోని విషయం బాటసారులకు ఆసక్తి కలిగిస్తుంది. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయడం, దారుల వెంట బావులు తవ్వించడం, చెట్లు నాటించడం గురించి అందులో ఉంది. తన రాజ్యంలోనే కాక చోళ, పాండ్య దేశాల్లోనూ, తామ్రపర్ణిలోనూ, అంటే నేటి శ్రీలంకలోనూ ఈ ఏర్పాట్లు జరిగాయని చక్రవర్తి ప్రకటించాడు.

తొలకరి వానలు, వజ్రాల వేట

గుత్తికి పశ్చిమాన ఉన్న వజ్రకరూరు, ఉత్తరాన కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి పరిసరాల్లో తొలకరి కాలంలో ఒక అసాధారణ దృశ్యం కనిపిస్తుంది. మంచి వాన కురిసిన మరునాటి నుంచి వందలాది మంది తలవంచుకుని, నేలనే చూస్తూ పొలాల్లో నడుస్తుంటారు. వారు వెతికేది వజ్రాల కోసం. పొరుగు జిల్లాల నుంచే కాక కర్ణాటక, తెలంగాణ నుంచి కూడా వచ్చి, చెట్ల కింద, గుడి అరుగులమీద పడుకుని రోజుల తరబడి వెతికేవారు ఉన్నారు.

దీనికి భూగర్భ శాస్త్రం చెప్పే కారణం ఉంది. భూమి లోతుల్లో ఏర్పడిన వజ్రాలను అగ్నిపర్వత చర్యల వల్ల పైకి తెచ్చే కింబర్లైట్ శిలలు వజ్రకరూరు పరిసరాల్లో ఉన్నాయి. ఆ శిలలు కోట్ల సంవత్సరాల పాటు శిథిలమై మట్టిలో కలిశాయి. వాన నీటికి పైమట్టి కొట్టుకుపోయినప్పుడు రాళ్లు బయటపడతాయి. వాటిలో ఎప్పుడో ఒకటి వజ్రం అవుతుంది.

అయితే ఈ వేట జరిగేది రైతుల పొలాల్లో. తొలకరి అంటే విత్తనం వేసే కాలం కూడా. దున్నిన చేలలో వందలాది మంది తిరిగితే నేల గట్టిపడుతుంది, వేసిన విత్తనం పాడవుతుంది. అందుకే పొలంలోకి రావద్దని రైతులు బోర్డులు పెట్టడం, వచ్చినవారితో గొడవలు జరగడం పరిపాటి అయింది. చూడడానికి వెళ్లేవారు గట్టుమీదనే ఆగడం ఉచితం.

పెనుకొండ: రాజధాని, కుంభకర్ణుడు

అనంతపురం దాటి దక్షిణంగా సాగితే పెనుకొండ వస్తుంది. 1565లో జరిగిన తళ్లికోట యుద్ధం తరువాత విజయనగరం ధ్వంసమైంది. అప్పుడు తిరుమల దేవరాయలు రాజధానిని ఇక్కడికి మార్చాడు. అంతకుముందు కూడా ఇది రాజ్యంలో ముఖ్యమైన కేంద్రమే.

నాటి కట్టడాల్లో గగన్ మహల్ ప్రధానమైనది. దీని కమానులు ఇస్లామీయ నిర్మాణ రీతిని, పైనున్న శిఖరం ఆలయ విమాన రీతిని గుర్తుకు తెస్తాయి. సమీపంలోనే రామాలయం, శివాలయం పక్కపక్కన ఉన్నాయి. పార్శ్వనాథుని జైన ఆలయం, అన్ని మతాలవారు దర్శించే బాబయ్య దర్గా కూడా ఈ చిన్న పట్టణంలోనే ఉన్నాయి.

పెనుకొండలో పిల్లలను ఎక్కువగా ఆకర్షించేది మాత్రం రాజుల కాలంనాటిది కాదు. కుంభకర్ణ ఉద్యానవనంలో సుమారు 140 అడుగుల పొడవున నిద్రిస్తున్న కుంభకర్ణుని విగ్రహం ఉంది. అతన్ని లేపడానికి తంటాలు పడుతున్న రాక్షసుల బొమ్మలు చుట్టూ ఉన్నాయి. సందర్శకులు విగ్రహం కడుపులోకి నడిచి వెళ్లవచ్చు. దీనికి చారిత్రక విలువ లేదు. కానీ బొమ్మను చూడడానికి ఆగిన కుటుంబం గగన్ మహల్ వరకు వెళితే రెండింటికీ మేలే.

లేపాక్షి: స్తంభం నిజంగా వేలాడుతోందా?

హిందూపురం నుంచి సుమారు 15 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉంది. తాబేలు ఆకారంలో ఉన్నందున కూర్మశైలం అని పేరొందిన గుట్టపై వీరభద్రాలయాన్ని 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండలో అధికారులుగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు నిర్మించారు.

సందర్శకులు ఎక్కువగా వెతికేది ‘వేలాడే స్తంభం’. నాట్యమండపంలోని సుమారు 70 స్తంభాల్లో ఒకదాని అడుగు నేలకు పూర్తిగా ఆనదు. ఆ సందులోంచి తువ్వాలునో, పలుచని కాగితాన్నో ఒక పక్క నుంచి మరో పక్కకు లాగవచ్చు. బ్రిటిష్ కాలంలో ఒక ఇంజినీరు దీని రహస్యం తెలుసుకోవడానికి కదిలించబోయాడని, ఆలయం మొత్తం కదలడంతో విరమించుకున్నాడని గైడ్లు చెబుతారు. ఇది జనశ్రుతి. రాతి మండపాల్లో పైకప్పు బరువు దూలాల ద్వారా అనేక స్తంభాలకు పంపిణీ అవుతుంది. అందువల్ల ఒక స్తంభం అడుగు నేలను తాకకపోయినా మిగిలినవి ఆ భారాన్ని మోయగలుగుతాయి.

విరూపణ్ణ గురించి మరో కథ ఉంది. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము ఆలయానికి ఖర్చు చేశాడన్న అభియోగం వచ్చిందట. శిక్షగా కళ్లు తీయించకముందే ఆయన తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడట. గోడమీది రెండు ఎర్రని మరకలను గైడ్లు అందుకు గుర్తుగా చూపిస్తారు. అసంపూర్తిగా మిగిలిన కల్యాణ మండపానికీ ఇదే కారణమంటారు. దీనిని చరిత్రగా తీసుకోనక్కర లేదు. అయితే ఆ సోదరుల రూపాలు పైకప్పు చిత్రాల్లో నేటికీ ఉన్నాయి.

నిజానికి లేపాక్షికి అసలు సంపద ఈ చిత్రాలే. విజయనగర కాలపు చిత్రకళలో నేటికి మిగిలినవి తక్కువ. ఇక్కడి పైకప్పుపై శివపార్వతుల కల్యాణం, అర్జునుని తపస్సు వంటి ఘట్టాలు, ఆనాటి వస్త్రధారణ, తలపాగాలు, చీరల అంచులు కనిపిస్తాయి. వాటి నమూనాలు తరువాత చేనేత వస్త్రాలకు ఆధారమయ్యాయి. చిత్రాల్లో కొంత భాగం ఇప్పటికే రాలిపోయింది.

ఆలయానికి కొద్ది దూరంలో ఒకే రాతిలో చెక్కిన బసవన్న ఉన్నాడు. ఎత్తు సుమారు 15 అడుగులు, పొడవు 27 అడుగులు. ఏడు పడగల నాగలింగం ఆలయ ప్రాంగణంలో ఉంది. తల్లి అన్నం వండేలోగా శిల్పులు దానిని చెక్కేశారని కథ. వీరభద్రాలయం, బసవన్న విగ్రహం 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరాయి.

తిమ్మమ్మ మర్రిమాను: చెట్టా, అడవా?

కదిరి నుంచి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, గూటిబయలు గ్రామం వద్ద ఉన్న ఈ మర్రి సుమారు 19,107 చదరపు మీటర్ల మేర, అంటే నాలుగున్నర ఎకరాలకు పైగా విస్తరించింది. 1989లో గిన్నిస్ బుక్‌లో చోటు దక్కించుకుంది. లోపలికి వెళితే మొదటి మొదలు ఏదో, నేలకు దిగిన ఊడ ఏదో పోల్చుకోవడం కష్టం.

1433లో తిమ్మమ్మ అనే స్త్రీ భర్త చితిపై సహగమనం చేసిందని, చితికి నాటిన గుంజ చిగురించి ఈ చెట్టయిందని స్థానిక విశ్వాసం. చెట్టు కింద ఆమెకు గుడి ఉంది. సంతానం కోరి దంపతులు వస్తారు. ఆ విశ్వాసాన్ని గౌరవిస్తూనే, సతీసహగమనాన్ని కీర్తించడం 1987 నాటి చట్టం ప్రకారం నేరమన్నది గుర్తుంచుకోవాలి.

చెట్టు ఇంతగా విస్తరించడం వెనుక మనిషి శ్రమ కూడా ఉంది. వేలాడే లేత ఊడలను వెదురు బొంగుల ద్వారా మట్టిలోకి మళ్లించి, అవి వేళ్లూనేలా చూస్తారు. ఊడ నేలకు దిగితేనే పైకొమ్మకు ఆధారం. ఆధారం లేకపోతే ఏమవుతుందో ఇదే రహదారికి ఉత్తరాన, తెలంగాణలోని మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూపించింది. 2017 డిసెంబరులో అక్కడ ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చెదలు తీవ్రంగా పట్టినట్లు గుర్తించి, సందర్శకులను నిలిపివేశారు. సెలైన్ సీసాలతో మందును బొట్టుబొట్టుగా చెట్టులోకి ఎక్కించారు. ఏళ్ల తరబడి కొమ్మలమీద కూర్చోవడం, ఊడలు పట్టుకుని ఊగడం, మొదలు చుట్టూ నేలను తొక్కి గట్టిపరచడం ఎంత వయసున్న చెట్టుకైనా చేటే.

కదిరి వరకు వచ్చినవారు పట్టణంలోని లక్ష్మీనరసింహ స్వామి ఆలయాన్ని, సమీపాన కటారుపల్లిలో ఉన్న యోగి వేమన సమాధిని కూడా దర్శించవచ్చు.

వెళ్లేవారు గమనించవలసినవి

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ప్రయాణానికి అనువైన కాలం. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, బండలమీద నడక కష్టమవుతుంది. గుత్తి కొండకు ఉదయమే వెళ్లడం, తగినంత నీరు వెంట తీసుకోవడం అవసరం. గుత్తి, పెనుకొండ, హిందూపురం, కదిరిలలో రైల్వే స్టేషన్లు ఉన్నాయి. లేపాక్షికి హిందూపురం నుంచి రోడ్డు మార్గంలో వెళ్లాలి. అన్ని స్థలాలను ఒకే రోజు చూడడం సాధ్యం కాదు. కనీసం మూడు రోజులు కేటాయించుకోవడం మంచిది.

రక్షిత కట్టడాలను పాడుచేయడం, వాటిపై పేర్లు చెక్కడం 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం శిక్షార్హం. 2010 సవరణ తరువాత రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. చిత్రాలను తాకరాదు, వాటిపై ఫ్లాష్ వెలుగు పడనీయరాదు. శాసనాల బండలపైకి ఎక్కరాదు, అక్షరాలు స్పష్టంగా కనిపించాలని సుద్దతో దిద్దరాదు.

పెద్ద పర్యాటక కేంద్రాల్లో ఉండేంత కాపలా ఈ ఊళ్లలో ఉండదు. గుట్టమీద చాలాసార్లు సందర్శకుడు ఒక్కడే ఉంటాడు. అక్కడి అక్షరం, రంగు, ఊడ ఎంతకాలం నిలుస్తాయన్నది అతని నడవడిపై కూడా ఆధారపడి ఉంటుంది. దారి పక్కన చెట్లు నాటించిన సంగతిని ఎర్రగుడి బండపై రాయించి సుమారు 2,200 ఏళ్లు దాటింది. ఆ రాత ఇప్పటికీ చదవడానికి వీలుగానే ఉంది.