పక్క విస్తరి ఎవరిది?

కొత్త ఊరికి వెళ్ళినవాడు మొదట అడిగే ప్రశ్న, "ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటుంది?" అని. రెండవది, ధర ఎంత అని. మూడవ ప్రశ్న ఒకటున్నది. దానిని నేడు పైకి ఎవరూ అడగరు. "నా పక్క విస్తరి ముందు ఎవరు కూర్చుంటారు?" అన్నదే ఆ ప్రశ్న. దక్షిణదేశపు హోటళ్ళ చరిత్రలో చాలాకాలం పాటు ఇదే మొదటి ప్రశ్న. చెన్నపట్నపు హోటళ్ళ కథను కాస్త వెనక్కి తిప్పి చూస్తే, ఆ ప్రశ్న ఎట్లా వెనుకబడిందో తెలుస్తుంది.

డబ్బిచ్చి బయట తినడం మనకు కొత్త కాదు. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి కాకతీయుల ఓరుగల్లు వీధులలో తిరుగుతారు. అక్కడి పూటకూళ్ళ ఇంట ఒక్క రూకకు దొరికే భోజనాన్ని కవి నోరూరేటట్లు వర్ణించాడు. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, నెయ్యి, అరటిపండ్లు, పెరుగు, ఇంకా నంజుళ్ళు. ఒక మహానగరంలోని భోజనశాలను మెచ్చుకుంటూ తెలుగువాడు వ్రాసిన తొలి రచనలలో ఇది ఒకటని చెప్పవచ్చు. చాలా శతాబ్దాల తరువాత, 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గురజాడవారి పూటకూళ్ళమ్మ విజయనగరంలో అదే వృత్తి చేస్తున్నది.

ఇక్కడ గమనించవలసిన మాట "ఇల్లు". పూటకూడు అమ్మేది అంగడిలో కాదు, ఇంటిలో. ఇల్లు కనుక ఇంటి ఆచారాలన్నీ ఉంటాయి. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరిని అరుగు మీద కూర్చోబెట్టాలి, ఎవరిని వీధిలోనే ఆపాలి అన్నది వండేవారి ఇష్టం, ఊరి కట్టుబాటు. బ్రాహ్మణుడు వండినది ఎక్కువమంది తినడానికి అభ్యంతరం ఉండదు. అందుకే వంట వ్యాపారం తొలినాళ్ళలో ఎక్కువగా వారి చేతిలో నడిచింది. కాని ఒకరు వండినది తినడం వేరు, ఒకరి పక్కన కూర్చుని తినడం వేరు. మొదటి చిక్కు వంటవాడి కులంతో తీరింది. రెండవది తీరలేదు.

చెన్నపట్నం ఆ చిక్కును పెద్దది చేసింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు కోస్తా, సీమ జిల్లాల వారికి అదే రాజధాని. కోర్టు వ్యాజ్యాలకు, కాలేజీ చదువులకు, ఉద్యోగాలకు, అటుపైన సినిమాలకు అందరూ అక్కడికే పోవాలి. పట్నంలో పని ముగిసేదాకా అటుకులు, అరటిపండ్లతో కాలక్షేపం చేసిన పెద్దల కథలు మీ ఇళ్ళలోనూ వినే ఉంటారు. అందరూ అట్లా ఉండలేరు కదా! వారి ఆకలి తీర్చడానికి ఉడుపి నుంచి, తమిళ జిల్లాల నుంచి వచ్చిన బ్రాహ్మణులు హోటళ్ళు పెట్టారు. పక్క విస్తరి చిక్కుకు వారు కనిపెట్టిన పరిష్కారం గోడ. బ్రాహ్మణులకు ఒక గది, ఇతరులకు మరొక గది. వంట ఒక్కటే, పొయ్యి ఒక్కటే, ధరా ఒక్కటే. విస్తళ్ళ మధ్య మాత్రం గోడ. రైల్వే స్టేషన్లలోని భోజనశాలలలో కూడా ఇదే ఏర్పాటు నడిచింది. పెరియార్ నాయకత్వంలో జరిగిన ఆందోళన తరువాత 1941లో అది తొలగింది.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ళను పేరెత్తి మరీ చెప్పింది. కులమతాల పేరుతో ఏ పౌరుడినీ హోటలులోకి రాకుండా ఆపరాదు అన్నది. ఓటు హక్కు, ఆస్తి హక్కు వంటి పెద్ద మాటల నడుమ ఇడ్లీ తినే చోటు కూడా రాజ్యాంగానికెక్కిందంటే, అప్పటికి ఆ గోడ ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం దానికి శిక్షలు నిర్ణయించింది.

గోడ పోయినా బోర్డు మిగిలింది. తిరువల్లిక్కేణిలో మురళీస్ కెఫే అనే హోటలు పేరులో "బ్రాహ్మణ" శబ్దం ఉండేది. 1957 మే నెలలో పెరియార్ అనుచరులు దాని ముందు పికెటింగు మొదలుపెట్టారు. నెలల తరబడి ప్రతిదినం కొందరు రావడం, అరెస్టు కావడం! చివరకు 1958 మార్చిలో ఆ మాట బోర్డు మీదినుంచి తొలగింది. ఒక్క మాట కోసం ఇంత రభస ఎందుకని అప్పుడూ కొందరు అన్నారు, ఇప్పుడూ అంటారు. ఆ మాట శుచిని తెలిపే గుర్తు మాత్రమేనని వారి వాదన. కాని ఒకరి శుచికి గుర్తయిన మాట ఇంకొకరి అశుచికి సాక్ష్యమవుతుంది. ఆ బోర్డు చదివి గుమ్మం ముందు తటపటాయించినవాడికి అది ఒక్క మాట కాదు.

అయితే గోడను కూల్చినది ఉద్యమాలు, చట్టాలు మాత్రమే కావు. పట్నపు నాలుక కూడా తన వంతు పని చేసింది. అదే తిరువల్లిక్కేణిలో 1948లో ఉత్తరాది కుటుంబం పెట్టిన రత్నా కెఫే సాంబారు ఇడ్లీకి పేరుపొందింది. 1951లో మౌంట్ రోడ్డులో వెలసిన బుహారీ బిర్యానీకి అన్ని కులాలవారూ అలవాటుపడ్డారు. 1938లో వుడ్‌లాండ్స్ హోటలు తెరిచిన కృష్ణారావు తొలినాళ్ళలో వంటశాలలో పనిచేసినవాడు. 1962లో ఆ సంస్థ కెథెడ్రల్ రోడ్డులో పెట్టిన డ్రైవ్-ఇన్‌లో చెట్ల కింద కార్లలోకే దోసెలు వచ్చేవి. ఒక్క కాఫీతో గంటలు గడిపే విలేకరులకు, మందుల కంపెనీల ప్రతినిధులకు అది రెండవ కార్యాలయం. 2008లో అది మూతపడినప్పుడు చాలామంది బాధపడింది దోసె కోసం కాదు, కూర్చునే చోటు పోయిందని.

1981లో కె.కె. నగర్‌లో శరవణ భవన్ పుట్టింది. దాని స్థాపకుడు రాజగోపాల్ ఉల్లిపాయల వ్యాపారి కుమారుడు, నాడారు కులస్థుడు. హత్యకేసులో శిక్షపడి 2019లో మరణించిన ఆ వ్యక్తిని పొగడటం నా ఉద్దేశం కాదు. కాని కముది దేవాలయంలో నాడార్లకు ప్రవేశం లేదని 1908లో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. ఆ తరువాత నూరేళ్ళు నిండకుండానే, సంప్రదాయపు ఇడ్లీ ఎట్లా ఉండాలో ఆ కులంవాడి వంటిల్లు నిర్ణయించింది. ఎవరూ దండోరా వేయలేదు. జనం వరుస కట్టి తిన్నారు, అంతే.

పట్నపు హోటలు మనకిచ్చిన గొప్ప వంటకం ఏదని అడిగితే నేను ఇడ్లీ అనను, బిర్యానీ అనను. భోజనాల వేళ, జనం కిక్కిరిసి ఉన్నప్పుడు, ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి "ఇక్కడ ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడుగుతాడు. మనం తలెత్తకుండానే నీళ్ళ గ్లాసు పక్కకు జరుపుతాము. ఓరుగంటి పూటకూళ్ళ ఇంట ఒక్క రూకకు అన్నీ దొరికాయి, ఆ ఒక్కటి తప్ప.